డ్రమ్ము మూలుగు

ఆర్మూర్‌లో మోటారు కాలిపోతే రైతుకు దేవుడు గుర్తుకు రావడం తర్వాత సంగతి, ముందు షౌకత్ గుర్తుకొస్తాడు. ఈ మాట అన్నది షౌకతే. కాకపోతే ఊరు చెప్పేది కూడా దానికి పెద్ద దూరంలో లేదు కనుక మనం ఒప్పేసుకోవచ్చు.

మార్కెట్ యార్డుకు పోయే దారిలో, పసుపు లారీలు మలుపు తిరిగే చోట ఆయన వైండింగ్ దుకాణం ఉంది. బోరు మోటారైనా, పిండిగిర్ని మోటారైనా, పసుపు డ్రమ్ము మోటారైనా కాలిందంటే ఆయన బల్ల మీదికి రావలసిందే. కాలిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఎండబెట్టి, అన్నీ అయ్యాక ఎర్రరంగు డబ్బా తీసి మోటారు వీపు మీద తన పేరు రాస్తాడు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. ఆ దారిలో వైండింగ్ చేసే అందరికీ ఉన్న అలవాటే ఇది. మోటారు మళ్లీ కాలితే ఎవరిని తిట్టాలో రైతుకు తెలియాలి కదా! అయితే షౌకత్ అక్షరాలు మిగతావాళ్ల అక్షరాల కంటే కొంచెం పెద్దవి. "మోటారు కన్న పేరే బరువున్నది" అని భార్య షహర్బానో ఎత్తిపొడుస్తుంది. ఆమె ఎత్తిపొడిస్తేనేం, దొంకేశ్వర్ నుంచి కూడా ఆ ఎర్ర అక్షరాలను నమ్మి మోటార్లు వస్తాయి.

అలాంటి పేరును నాగేందర్ ఇటుక ముక్కతో గీకేశాడు.

నాగేందర్‌ది పసుపు పాలిష్ మిల్లు. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములను చిల్లుల ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతారు. ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు ఊడిపోయి కొమ్ములు నిగ్గు తేలుతాయి. డ్రమ్మును తిప్పేది గేరు, గేరును తిప్పేది బెల్టు, బెల్టును తిప్పేది మోటారు. ఈ సీజన్ మొదట్లోనే ఆ మోటారు కాలింది. షౌకత్ చుట్టి ఇచ్చాడు. కొన్నాళ్లు బాగానే తిరిగిన డ్రమ్ము, ఉన్నట్టుండి మూలగడం మొదలుపెట్టింది. ఊఁ… ఊఁ… అని ఒక లయలో మూలుగుతూ, మధ్యలో ఎగిరెగిరి పడేది. ఎగిరిపడ్డప్పుడల్లా లోపల కొమ్ములు విరిగేవి. విరిగిన కొమ్మును మార్కెట్లో ఎవరూ కన్నెత్తి చూడరు.

పాలిష్ కోసం బస్తాలు దించుకుని కూర్చున్న రైతులంతా చూస్తుండగా నాగేందర్ మోటారు దగ్గర చతికిలబడి, "గీ పేరు జూసి నేను మోసపోయిన. ఇంకెవ్వలు మోసపోవద్దు" అంటూ పేరు గీకాడు.

ఆ కబురు షౌకత్ చేతిలో చాయ్ చల్లారక ముందే దుకాణానికి చేరింది. అప్పుడే మోటారు దింపబోతున్న భూమన్న అనే రైతు, "నేను మల్ల వస్త షౌకత్ భాయ్, ఇయ్యాల జర పనున్నది" అని ఆటోను అటు నుంచి అటే తిప్పించుకుని పోయాడు. ఆటో మలుపు తిరిగేదాకా షౌకత్ వెనక్కి పోతున్న ఆ మోటారునే చూస్తూ నిలబడ్డాడు. వైండింగ్ చేసేవాడికి ఆస్తి ఏముంటుంది? లోపల చుట్టిన తీగ ఎవరికీ కనపడదు. కనపడేది పేరొక్కటే.

క్లాంప్ మీటరు జేబులో వేసుకుని మిల్లుకు నడిచాడు. మూడు ఫేజుల తీగలూ ఒక్కొక్కటే పట్టి చూశాడు. మూడింటిలోనూ కరెంటు సమానంగా ఉంది.

"చూడు నాగేందర్ సాబ్, నా చుట్టుల తేడా ఉంటే మీటరు చెప్పదా?" అన్నాడు.

"మీటరుతోని నాకేం పని భాయ్? డ్రమ్ము మూలుగుతుంటే నీ చెవుల వడతలేదా? నీ మోటారు పెట్టినంకనే గదా గీ మూలుగు వచ్చింది!"

"గేరు విప్పి చూడు."

"గేరు కొత్తది. దసరాకే ఏయించిన. సీజన్‌ల గేరు విప్పితే నా మిల్లు బందైతది. గేరుదని ఎవలన్న రుజువు చేస్తే విప్పుత. నేను గీకిన పేరు మల్ల నేనే దగ్గరుండి రాయిస్త. లేకుంటే గా పేరున్న మోటారు మార్కెట్ దారిల ఎవ్వలు పెట్టరు, యాదుంచుకో."

షౌకత్ తల వేలాడేసుకుని ఇంటికి వచ్చేసరికి గడపలో కూతురు చెప్పులు కనిపించాయి. సిద్రా డిచ్‌పల్లి దగ్గరి యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. సెలవులకు వచ్చింది. "మా బిడ్డ సిగ్నళ్ల మీద ప్రాజెక్టు చేస్తుంది" అని షౌకత్ వచ్చిన గిరాకీకల్లా చెబుతుంటాడు. "రైల్వేలనా?" అని వాళ్లు అడిగితే, "దానికన్న పెద్దది" అంటాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు.

ఆ ఇంట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి, మధ్యమధ్య తెలుగు దొర్లుతుంది. మన సౌకర్యానికి అన్నీ తెలుగులోనే చెప్పుకుందాం. సంగతంతా విన్న సిద్రా తండ్రితో, "అబ్బా, గా మూలుగును నేను వింట. నా ప్రాజెక్టే గది" అంది.

"మూలుగు వినుడు గూడ ఒక చదువేనానే?" అంది షహర్బానో.

"అమ్మీ, ఊయల్ల కూసొని ఒకామె పాట పాడుతుందనుకో. పాట ఒక్క తీరుగనే పాడుతది. కానీ ఊయల మన దిక్కు వచ్చినప్పుడు పెద్దగ ఇనవడ్తది, దూరం పోయినప్పుడు మెల్లగ. అంటే పాట మీద ఊగు ఎక్కింది. దాన్నే మాడ్యులేషన్ అంటరు. పాట మీద ఊగు ఎక్కిందా లేదా, ఎక్కితే గా ఊగు ఎక్కడిది అని పట్టుడే నా పని."

"చెవితోనా?"

"చెవికి అన్ని కలిసి ఒక్కటే చప్పుడు. అందుకే బొమ్మ గీపిస్తం. అడ్డంగ పోతే టైము. మీదికి పోతే గొంతు సన్నగయితది. ఎక్కడ గట్టిగ ఉంటే అక్కడ మెరుస్తది. ఏ గొంతు, ఎప్పుడు, ఎంత గట్టిగ అన్నది మొత్తం బొమ్మల కండ్లకు కనవడ్తది."

షౌకత్‌కు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కానందుకు మరింత గర్వపడ్డాడు.

మర్నాడు సిద్రా ల్యాప్‌టాపూ, ఇనుముకు అతుక్కునే చిన్న మైకూ పట్టుకుని మిల్లుకు వెళ్లింది. నాగేందర్ ఎగతాళిగానే అయినా కుర్చీ వేయించాడు. మైకును గేరు డబ్బాకు తగిలించి, కాసేపు నడిచాక మిల్లు ఆపమంది. నాగేందర్ స్విచ్ కట్టేసి, అలవాటు ప్రకారం పక్కనున్న తుమ్మకట్టెను డ్రమ్ము చువ్వల మధ్య దూర్చాడు. డ్రమ్ము కీచుమని అరిచి టక్కున ఆగింది. అది ఆ మిల్లు పద్ధతి. బస్తాలు వరసగా ఎదురుచూసే సీజన్లో, డ్రమ్ము తనంతట తాను ఆగేదాకా ఆగే తీరిక ఎవరికుంది?

తెర మీద బొమ్మ వచ్చింది. నడుమ ఒక గట్టి గీత, దానికి అటూ ఇటూ సమాన దూరంలో సన్నటి గీతలు, పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకుల్లా కూర్చున్నాయి.

"ఊగు ఉన్నది," అంది సిద్రా. "పక్క గీతలు ఊగువే. కానీ గీ ఊగు గేరుదా, మోటారుదా అన్నది ఇప్పుడు చెప్పలేను. రెండు ఒక్క తీరుగ తిరుగుతున్నయ్, ఒక్క బెల్టుకే కట్టేసి ఉన్నయ్."

"గంత చదివి తెల్వదంటవా బిడ్డా?" అని నాగేందర్ నవ్వాడు. బస్తాల మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. షౌకత్ ముఖం కందగడ్డలా అయింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయన ఇక ఆగలేకపోయాడు. "గేరుదే అంటే అయిపోవు గదా బేటా! గా గీతలు చదివేటోడు ఆర్మూర్ మొత్తంల ఎవడున్నడు? ఎవనికి తెలుస్తది?"

సిద్రా అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "అబ్బా, నువ్వు లోపట ఎన్ని చుట్లు చుట్టినవో రైతుకు కనవడ్తదా?"

"కనవడది."

"మరి ఎప్పుడన్న రెండు చుట్లు తక్కువేసినవా?"

"తోబా తోబా!" అని చెవులు పట్టుకున్నాడు షౌకత్. అంతలోనే తను ఎక్కడ దొరికిపోయాడో తెలిసింది. షహర్బానో నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ముందే చెప్తున్న అబ్బా. నీదే అని తేలితే నీదే అంట."

"నాది తేలది."

"తేలితే?"

"తేలితే అందరి ముంగట చెప్పు!" అన్నాడు రోషంగా. అన్నంత సేపు పట్టలేదు, లోపల ఎక్కడో చిన్న ముల్లు కదిలింది. ఎందుకో అప్పటికి ఆయనకే తెలియలేదు.

సిద్రా ఆ బొమ్మను మళ్లీ మళ్లీ తిప్పి చూసింది. ఆఖర్న, కట్టె దూర్చిన చోట, గీతలన్నీ చెదిరి గజిబిజిగా ఉన్నాయి. అక్కడే ఆమెకు దారి దొరికింది. డ్రమ్మును ఎవరూ ఆపకూడదు, అదే ఆగాలి.

తెల్లవారి మిల్లులో ఆ మాట చెబితే నాగేందర్ విసుక్కున్నాడు. అప్పుడు రత్నవ్వ కలగజేసుకుంది. డ్రమ్ములో పసుపు పోసేదీ, తీసేదీ ఆమే. కొంగుతో సహా మనిషంతా పచ్చగా ఉంటుంది, నాగేందర్ తండ్రి కాలం నుంచి ఆ మిల్లులో పనిచేస్తోంది.

"నేను ఆపిన్నాడు కట్టె పెట్టనే పెట్ట బిడ్డా. మీ నాయిన ఉన్నప్పుడు గీ కట్టెనే లేకుండె," అని చివరి మాట నాగేందర్ వైపు తిరిగి అంది. "ఉరికేదాన్ని కాలడ్డం పెట్టి ఆపుతరా ఎవలన్న? గాయినకే తొందర. నువ్వు జెప్పు, నేను ఆపుత."

"డ్రమ్ముల పసుపు ఉండొద్దవ్వా. కొమ్ముల చప్పుడుల మిగతాది మునుగుతది."

రత్నవ్వ డ్రమ్ము ఖాళీ చేసింది. సిద్రా ఈసారి ఒక మైకు గేరుకూ, ఒక మైకు మోటారుకూ పెట్టింది. డ్రమ్ము మూలుగుతూ కాసేపు తిరిగింది. రత్నవ్వ స్విచ్ కట్టేసి చేతులు కట్టుకుని పక్కకు జరిగింది. ఖాళీ డ్రమ్ము తన మానాన తాను తిరుగుతూ, మెల్లగా తగ్గుతూ, ఆఖరి చుట్టు తిరగనా మాననా అన్నట్టు ఊగి ఆగింది.

సిద్రా ల్యాప్‌టాప్‌ను బస్తా మీద పెట్టి అందరినీ రమ్మంది. రైతులు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగి చూశారు. నాగేందర్ ముందే నిలబడ్డాడు. షౌకత్ కొంచెం వెనక నిలబడ్డాడు.

"ఇగో, గీడ స్విచ్ బందయింది. కరెంటు పోయింది. మోటారు కరెంటుతోని చేసే ఊగైతే ఏమైతది?"

"కరెంటుతోనే పోతది," అన్నాడు భూమన్న. ఆయనా బస్తాలు తెచ్చుకున్నాడు ఆ రోజు.

"గేరుదైతే?"

"తిరిగినంత సేపు ఉంటది," అంది రత్నవ్వ.

"మరి చూడుండ్రి." ఆమె వేలు గట్టి గీత మీద నడిచింది. స్విచ్ ఆగిన చోట అది తెగలేదు. సిద్ధులగుట్ట దిగినట్టు మెల్లమెల్లగా కిందికి దిగింది. దాని పక్క గీతలు కూడా దాన్ని వదలకుండా, వేగం తగ్గేకొద్దీ దగ్గరగా జరుగుతూ, దానితో పాటే దిగాయి. "చుట్టుకొకసారి ఏదో కొట్టుకుంటుంది. గిది గేరుది. కొమ్ములు ఇరుగగొట్టేది గిదే."

షౌకత్ ఛాతీ ఒక్కసారిగా ఉబ్బింది. బస్తాల మీద కూర్చున్న ప్రతి ముఖాన్నీ పేరుపేరునా చూశాడు. "విన్నరా! నేను ముందే..." అని మొదలుపెట్టాడు.

"అబ్బా," అంది సిద్రా. "ఇంక అయిపోలే."

మోటారు మైకుది రెండో బొమ్మ తెరిచింది. అందులో కిందెక్కడో ఒక సన్నగీత ఉంది. దాని పక్కనా ఊగు గీతలున్నాయి, గేరువి కావు, వేరే దూరంలో ఉన్నాయి. స్విచ్ ఆగిన చోట ఆ గీతా, దాని తోడు గీతలూ కత్తితో కోసినట్టు తెగిపోయాయి.

"గిది చిన్నది. దీనికి కొమ్ములు ఇరగవు. గేరు మూలుగుల గిది ఎవలకు ఇనవడది గూడ. కానీ కరెంటుతోనే పోయింది. గిది మోటారుది." తండ్రి వైపు చూడకుండా నాగేందర్ వైపు చూసి చెప్పింది. "ఎందుకు వస్తుందో నాకు తెల్వదు కాకా. మోటారుది అని మాత్రం తెలుసు."

నాగేందర్ పెదవి మీద నవ్వు మొలిచింది.

షౌకత్ ఆ తెగిన గీతనే చూస్తున్నాడు. రాత్రి కదిలిన ముల్లు ఏమిటో ఇప్పుడు తెలిసింది. తను చుట్టిన నాటికే ఆ మోటారుకు బెల్టు తిరిగే పుల్లీ వైపు మూత అరిగి బేరింగు వదులై ఉంది. లేతు మిషనుకు పంపి అరిగిన చోట బుష్, అంటే ఇనుప కడియం, వేయించాల్సింది. సీజన్ తొందరలో, డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో దూర్చి బిగించాడు. అందరూ చేసేదే. సీజన్ దాటితే చాలనుకుని మరిచిపోయాడు. లోపల తిరిగే ఇనుము నడిమధ్యన కాక వెంట్రుకవాసి పక్కకు జరిగి తిరుగుతోంది. మీటరుకు దొరకలేదు, చెవికి దొరకలేదు, విప్పితే తప్ప కంటికీ దొరకదు. అలాంటిది ఈ పిల్ల బస్తా మీద కూర్చోబెట్టి అందరికీ చూపించింది. రెండో బొమ్మ తెరవకపోతే ఎవరడిగేవారు?

ఆయనకు కోపం రావలసింది. రాలేదు. అవమానం కలగవలసింది. కలిగింది కానీ, దాన్ని తోసుకుంటూ ఇంకేదో ముందుకొచ్చింది. తండ్రి పేరు ఒక పక్క, చూసిన నిజం ఒక పక్క పెట్టుకుని, నిజమే చెప్పింది. ఇంతకాలం మోటార్ల మీద పెద్ద అక్షరాలతో రాసుకున్న పేరుకు అసలైన అర్థం ఈ పిల్లేనని ఆయనకు అనిపించింది.

"రేకు," అన్నాడు అందరికీ వినపడేలా. "పుల్లీ దిక్కు మూత అరిగింది. తొందరల రేకు పెట్టిన. నా బిడ్డ చెప్పింది నిజమే. గది నాదే."

నాగేందర్ నవ్వు అక్కడే ఆగిపోయింది. షౌకత్ అలా ఒప్పుకుంటాడని అతను అనుకోలేదు. ఒప్పుకున్న మనిషి ముందు మాట తప్పడం కష్టం. తిట్టుకుంటూనే గేరు డబ్బా విప్పించాడు. లోపల కొత్త గేరుకు ఒక పన్ను సగానికి విరిగి ఉంది. రత్నవ్వ వంగి ఆ పన్ను చూసింది, తర్వాత గోడకు ఆనించిన తుమ్మకట్టెను చూసింది. నాగేందర్ తనే వెళ్లి ఆ కట్టెను తీసి పసుపు ఉడకబెట్టే పొయ్యిలో పెట్టాడు.

మోటారు షౌకత్ బల్ల మీదికి వచ్చింది. రేకు నలిగి ఒకవైపు పలచబడి ఉంది. మూతను లేతుకు పంపి బుష్ వేయించి, తీగ నిక్షేపంగా ఉన్నా మళ్లీ ఒకసారి వార్నిష్ పోసి, తనే మోసుకెళ్లి మిల్లులో బిగించాడు. ఆలోగా నాగేందర్ గేరు మార్పించాడు. స్విచ్ వేస్తే డ్రమ్ము మూలగలేదు. చాలా రోజుల తర్వాత ఆ మిల్లులో పసుపు రాసుకునే గలగల ఒక్కటే వినపడింది.

నాగేందర్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. గీకిన చేత్తోనే ఎర్రరంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. "రాయి షౌకత్ భాయ్."

షౌకత్ కుంచె ముంచి వంగాడు.

"ఆగు అబ్బా," అంది సిద్రా, మైకు తగిలిస్తూ. "ముందు వింట."

కుంచె గాలిలో ఆగింది. డ్రమ్ము ఖాళీ చేయించి, నడిపించి, ఆమె వింటోంది. తన మోటారు మీద తన పేరు రాసుకోవడానికి షౌకత్ ఇంకొకరి అనుమతి కోసం నిలబడడం ఇదే మొదలు. రంగు చుక్కలు చెప్పు మీద పడుతున్నా కదల్లేదు.

"రాస్తలేవేందన్నా?" అని అడిగాడు భూమన్న. షౌకత్‌కే ఇద్దామని మళ్లీ తెచ్చిన అతని మోటారు బయట ఆటోలో ఉంది.

"నా బిడ్డ వింటుంది!" అన్నాడు షౌకత్, దారిన పోయే లారీల దాకా వినపడేలా.

రత్నవ్వ స్విచ్ కట్టేసింది. డ్రమ్ము తన మానాన ఆగింది. తెర మీద బొమ్మ వచ్చింది. పక్క గీతలు లేవు, తోడుపెళ్లికొడుకులంతా ఎటో వెళ్లిపోయారు. ఒకే ఒక్క చోట మాత్రం, నడిమధ్యన, పెద్ద మరక ఒకటి మెరుస్తోంది.

"గిదేంది బేటా? మల్ల మోటారుదేనా?"

సిద్రా ఆ మరక మీద వేలు పెట్టి తండ్రి ముఖంలోకి చూసి నవ్వింది. "కాదు అబ్బా. గది నువ్వే. నా బిడ్డ వింటుంది అని ఒర్లినవ్ గదా!"

షౌకత్ కుంచెను మళ్లీ రంగులో ముంచాడు. తర్వాత వంగి పేరు రాశాడు. అక్షరాలు ఎప్పటికన్నా పెద్దవి పడ్డాయి. అయినా ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే ఈసారి షహర్బానో ఎత్తిపొడవలేదు, ఎందుకంటే ఆయన రాసింది సిద్రా పేరు.